ఉన్నది ఉన్నట్లు వ్రాయుటయే రసాయనశాస్త్రమునకు తొలిపాఠము

తెలుగు శాఖవారు రసాయనశాస్త్రమును గురించి వ్రాయుట ఏమిటని కొందరు విద్యార్థులు నవ్వుకొనవచ్చును. పదముల అర్థమును విచారించుట మా వృత్తి. ఏ శాస్త్రమైనను మొదట పదములతోనే తలుపు తెరచును. రసాయనశాస్త్రపు పాఠ్యపుస్తకములోని ప్రారంభాధ్యాయమును చదివినచో ముఖ్యముగా మూడు మాటలు కనబడును: పదార్థము, కొలత, శాస్త్రీయ పద్ధతి. మన విద్యార్థులలో పలువురు ఆ అధ్యాయమును అంతగా ప్రాముఖ్యము లేనిదిగా ఎంచి, నిర్వచనములను కంఠస్థము చేసి, ముందునకు సాగిపోవుచున్నారు. మా అభిప్రాయము వేరు. ఆ శాస్త్రమునకు పునాది ఈ మూడు మాటలలోనే ఉన్నది. ఆ మూడింటిని కలిపి కట్టు దారము నిజాయితీ. ఆ దారము తెగినచో తక్కినదంతయు పుస్తకభారమే.

మొదట పదార్థము అను మాటను చూతము. పదముయొక్క అర్థమే పదార్థము. అనగా మాటచేత చెప్పబడు వస్తువు. తర్కశాస్త్రమువారు సప్తపదార్థములను చెప్పి, వానిలో ద్రవ్యమును మొదటిదిగా లెక్కించిరి. ఉర్దూ తరగతులలోని మన సోదరులు దీనినే మాద్దా అందురు. నేటి రసాయనశాస్త్రములో ఈ మాటకు చిన్న నిర్వచనము కలదు: స్థలమును ఆక్రమించునది, ద్రవ్యరాశి కలది పదార్థము. ఈ వాక్యమును వల్లించని విద్యార్థి లేడు. దానిలోని రహస్యమును గమనించినవారు మాత్రము కొలదిమందియే. స్థలమును ఆక్రమించుట కొలపాత్రకు తెలియవలెను. ద్రవ్యరాశి త్రాసునకు తెలియవలెను. అనగా పదార్థమునకు నిర్వచనమే కొలతమీద నిలిచియున్నది.

గాలి సంగతి తీసికొనుడు. కంటికి కనబడదు, చేతికి చిక్కదు. అయినను బాగుగా గాలి కొట్టిన ఫుట్‌బాలును సున్నితమైన త్రాసులో తూచి, గాలి తీసివేసి తిరిగి తూచినచో భేదము తెలియును. సాధారణ ఉష్ణోగ్రతవద్ద ఒక లీటరు గాలి సుమారు 1.2 గ్రాములు తూగును. 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు గల తరగతి గదిని ఖాళీగా ఉన్నదని మనము తాళము వేసి పోవుదుము. లెక్క కట్టినచో అందులోని గాలి సుమారు 230 కిలోగ్రాములు. రెండు క్వింటాళ్లకు పైమాట! కన్ను లేదన్న దానిని త్రాసు ఉన్నదని చెప్పినది.

ఇక కొలత. కొలతకు ప్రాణము ఒప్పందము. మన పెద్దలు శేరు, వీశె, మణుగు అని తూచిరి. వానిలో లోపమేమనగా శేరు ఒక ఊరిలో ఒక విధముగను, వేరొక ఊరిలో వేరొక విధముగను ఉండెడిది. ఈ గందరగోళమును తొలగించుటకే మనదేశమున 1956లో తూనికలు, కొలతల ప్రమాణముల చట్టము చేయబడి, 1958 అక్టోబరునుండి దశలవారీగా మెట్రిక్ పద్ధతి అమలులోనికి వచ్చినది. ప్రపంచమంతటికి కిలోగ్రామునకు ప్రమాణముగా 1889నుండి పారిస్ నగర సమీపమున ఒక ప్లాటినము–ఇరిడియము మిశ్రలోహపు స్తూపము భద్రపరచబడియుండెను. లోహపు ముద్ద ఎంత భద్రముగా ఉంచినను కాలక్రమమున లేశమైన మార్పు నొందవచ్చునని గ్రహించి, 2019 మే 20నుండి దానిని ప్రమాణస్థానమునుండి తొలగించి, ఎన్నటికి మారని ప్లాంక్ స్థిరాంకముమీద కిలోగ్రామును నిలిపిరి. అందులకు కారణమైన సందేహము ఇసుకరేణువుకన్న తక్కువ తూగు భేదమును గురించినది. అంత చిన్న భేదమును గూడ శాస్త్రజ్ఞులు ఉపేక్షింపలేదని మనవి చేయుచున్నాము.

తూకమునకు విద్యలో గౌరవస్థానమిచ్చుట పాశ్చాత్యులతోనే ఆరంభము కాలేదు. అల్ బిరూనీ లోహములయొక్కయు రత్నములయొక్కయు సాపేక్ష సాంద్రతలను నీటి సహాయముతో కనుగొనెను. మెర్వ్ నగరమున నివసించిన అల్ ఖాజినీ 1121 ప్రాంతమున ఒక పెద్ద గ్రంథమును రచించి, దానికి ‘మీజాన్ అల్ హిక్మా’, అనగా జ్ఞానపు త్రాసు, అని పేరిడెను. స్వచ్ఛమైన లోహమును కల్తీ లోహమునుండి వేరుపరచుటకు నీటిలో తూచు సున్నితమైన త్రాసును ఆయన అందులో వర్ణించెను. ఆ మీజాన్ అను మాటయే మన కరణముల లెక్కలలోనికి వచ్చి, మొత్తము అను అర్థమున ‘మీజాను’ అయి తెలుగు మాటగా స్థిరపడినది. నమూనా, తనిఖీ అను మాటలును అటులే వచ్చి మనవైనవి. ప్రయోగశాలలో మనము చేయునదంతయు ఈ మూడు మాటలలో ఇమిడియున్నది: నమూనా తీసికొనుట, తనిఖీ చేయుట, మీజాను వేయుట.

మూడవది శాస్త్రీయ పద్ధతి. పరిశీలన, పరికల్పన, ప్రయోగము, నియమము, సిద్ధాంతము అని మెట్లు మెట్లుగా దీనిని వ్రాయించుట మన పాఠశాలల వాడుక. మెట్ల పేర్లు తెలిసినంతమాత్రమున మేడ ఎక్కినట్లు కాదు. ఈ పద్ధతి ఎట్లు నడచునో చరిత్రలోని మూడు సంఘటనలవలన చెప్పుదుము.

కట్టె కాలినచో గుప్పెడు బూడిద మిగులును. క్రొవ్వొత్తి కాలినచో ఏమియు మిగులదు. కనుక దహించునపుడు వస్తువునుండి ఏదియో వెడలిపోవుచున్నదని 18వ శతాబ్దపు పండితులు తలచి, దానికి ఫ్లోజిస్టన్ అని పేరు పెట్టిరి. కంటికి ఇది ఎంతయో సమంజసముగా తోచును. కాని లోహములు దహించినపుడు బరువు తగ్గుటకు మారుగా పెరుగుచున్నవి. 24 గ్రాముల మెగ్నీషియము పూర్తిగా ఆమ్లజనితో కలిసినచో సుమారు 40 గ్రాముల తెల్లని భస్మమగును. ఏదియో వెడలిపోయిన వస్తువు బరువెక్కుట ఎట్లు? కొందరు తమ సిద్ధాంతమును కాపాడుకొనుటకై ఫ్లోజిస్టన్‌కు ఋణభారము కలదనికూడ వాదించిరి! ఫ్రాన్సు దేశీయుడైన లెవోయిజర్ వాదమును ప్రక్కనబెట్టి త్రాసును ముందు పెట్టెను. పాదరసమును మూసిన పాత్రలో గాలితోపాటు పండ్రెండు దినములు కాచెను. 50 ఘనపుటంగుళముల గాలిలో 7, 8 ఘనపుటంగుళములు తగ్గినవి. పాదరసముపై ఎర్రని పొడి ఏర్పడినది. 45 గ్రెయిన్ల ఆ పొడిని మరింత కాచగా 41.5 గ్రెయిన్ల పాదరసమును, ముందు తగ్గినంత వాయువును తిరిగి లభించినవి. పోయినదేమియు లేదు; గాలిలోనిది లోహముతో కలిసినది, తిరిగి విడిపోయినది. 1789లో ప్రచురించిన తన గ్రంథములో ఆయన ఈ లెక్కలను వ్రాసియుంచెను. ద్రవ్యనిత్యత్వ నియమము అను పెద్ద మాట వెనుక ఉన్నది ఇట్టి తూకపు చిట్టాయే.

రెండవ సంఘటన ఇంకను పాతది. వాన్ హెల్మాంట్ అను పండితుడు 200 పౌనుల ఎండిన మట్టిని కుండీలో పోసి, 5 పౌనుల విల్లో మొక్కను నాటి, అయిదేండ్లు నీరు పోసి పెంచెను. ఆపై తూచగా చెట్టు 169 పౌనులకు పైగా తూగినది. మట్టిలో తగ్గినది రెండు ఔన్సులు మాత్రమే. కనుక చెట్టంతయు నీటినుండియే పుట్టినదని ఆయన నిర్ణయించెను. ఈ నిర్ణయము తప్పు. చెట్టు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించునని తరువాతివారు తెలిసికొనిరి. అయితే ఆయన వ్రాసిన అంకెలు తప్పు కావు. మట్టి చెట్టుగా మారలేదని అవి నేటికిని సాక్ష్యమిచ్చుచున్నవి. ఇక్కడ విద్యార్థులు ఒక్క క్షణము ఆగవలెను. అంకె నిజమైనదైనచో, దానిపై కట్టిన ఊహ తప్పైనను శాస్త్రమునకు నష్టము లేదు. రేపు వేరొకరు సరిదిద్దుదురు. అంకె కల్పితమైనచో, ఊహ సరియైనదైనను అది శాస్త్రము కాదు. దానిని సరిదిద్దుటకు ఎవరికిని ఆధారము మిగులదు.

మూడవది రాలే ప్రభువు కథ. ఆయన నత్రజని సాంద్రతను కొలుచుచు, గాలినుండి తీసిన నత్రజని, అమ్మోనియా సహాయముతో తీసిన నత్రజనికన్న లేశము బరువుగా ఉన్నట్లు కనుగొనెను. భేదము మొదట వేయింట ఒక వంతు మాత్రమే. మరియొకరైనచో చేతివాటపు దోషమని కొట్టివేసియుందురు. ఆయన 1892లో నేచర్ పత్రికకు లేఖ వ్రాసి, ఈ భేదమునకు కారణమెవరైన చెప్పగలరా యని బహిరంగముగా అడిగెను. ఆపై భేదమును దాచక, దానిని పెంచి చూచుటకు ప్రయోగములు చేసెను. ఒకే గాజుగోళమును నింపి తూచగా, గాలినుండి వచ్చిన నత్రజని సుమారు 2.310 గ్రాములు, సమ్మేళనములనుండి వచ్చినది సుమారు 2.299 గ్రాములు. ఈ 0.011 గ్రాము వెంటబడి రాలేయు రామ్సేయు 1894లో ఆర్గాన్ అను క్రొత్త మూలకమును లోకమునకు చూపిరి. మనము పీల్చు గాలిలో నూటికి దాదాపు ఒక వంతు ఉన్న వాయువు అంతవరకును ఎవరికిని తెలియదు! 1785లోనే కావెండిష్ గాలిలోని నత్రజనినంతయు తొలగించి చూడగా ఒక చిన్న బుడగ మిగిలినది; అది 120వ వంతునకు మించదని ఆయన ఉన్నదున్నట్లు వ్రాసియుంచెను. నూరేండ్లకు పైగా ఆ వాక్యము పుస్తకములో నిద్రించి, సమయము వచ్చినపుడు మేల్కొని సాక్ష్యము చెప్పినది. 1904లో రాలేకు భౌతికశాస్త్రమునను, రామ్సేకు రసాయనశాస్త్రమునను నోబెల్ బహుమానములు లభించినవి.

ఈ కథకు మన తెలుగునేలతో గూడ ఒక చుట్టరికము కలదు. 1868 ఆగస్టు 18నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించుటకు జాన్సెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గుంటూరునకు వచ్చెను. ఆనాటి గ్రహణ పరిశీలనలలో సూర్యుని వర్ణపటమునందు ఒక పసుపుపచ్చని రేఖ నమోదైనది. తెలిసిన ఏ మూలకమునకును అది సరిపోలేదు. సరిపోలేదని ఎవరును దానిని చెరిపివేయలేదు. 27 సంవత్సరముల తరువాత, 1895లో రామ్సే భూమిపైని ఖనిజమునుండి అదే రేఖ నిచ్చు హీలియమును వెలికితీసెను.

ఇప్పుడు మన ప్రయోగశాలలకు వత్తము. ఇది ఒక్క కళాశాలకు పరిమితమైన విషయము కాదు. అంతటను ఉన్న వాడుక. అంశమాపన ప్రయోగములో బ్యూరెట్ పాఠము మూడు పర్యాయములు తీయవలెను. పలువురు ఒక్క పర్యాయము తీసి, తక్కిన రెండు గడులను అదే అంకెతో నింపుదురు. మరికొందరు ముందుగా రావలసిన ఫలితమును మిత్రునివలన తెలిసికొని, లెక్కను తలక్రిందులుగా చేసి, బ్యూరెట్ చెప్పవలసిన అంకెను తామే చెప్పుదురు. లవణ విశ్లేషణలో ఈ సీసాలోని లవణమేదియో అటెండరును బ్రతిమాలి తెలిసికొని, తరువాత పరీక్షలన్నియు వరుసగా జరిగినట్లు వ్రాయుదురు. రికార్డు పుస్తకము సంగతి చెప్పనక్కరలేదు. నాలుగేండ్ల క్రిందటి సీనియరు చేసిన తప్పులతో సహా అది వంశపారంపర్యముగా దిగివచ్చుచున్నది.

అంకెలను అతిగా అలంకరించుటయు అబద్ధములో ఒక భాగమే. 20.3, 20.4, 20.3 అను మూడు పాఠములకు సగటు తీసి, కాలిక్యులేటరు చూపినదంతయు 20.333333 అని వ్రాయుట చూచుచున్నాము. పదవ వంతు గీతలు గల గాజుగొట్టము పదిలక్షవ వంతును ఎట్లు చెప్పగలదు? సాధనము ఎంతవరకు చెప్పినదో అంతవరకే మనము చెప్పవలెననుటయే సార్థక అంకెల నియమము. అటులే ఖచ్చితత్వము వేరు, యథార్థత వేరు. అంగుళము తరిగిన గజముబద్దతో బట్టల వర్తకుడు పదిసార్లు కొలిచినను ఒకే కొలత వచ్చును. పదిసార్లును అది తప్పే. అంకెలు ఒకదానితో నొకటి కలియుట చాలదు, నిజముతోను కలియవలెను.

విద్యార్థుల పక్షమున ఒక సమాధానము వినవచ్చుచున్నది. దానిని తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. “పరీక్షకులు ఫలితమును చూచి మార్కులు వేయుదురు. ద్రావణము పాతబడినదైనను, బ్యూరెట్ కారుచున్నను నష్టపోవునది మేమే. నిజము వ్రాసి మార్కులు పోగొట్టుకొనుట కన్న సరియైన జవాబు వ్రాయుట మేలు కదా?” అని వారందురు. ఈ మాటలో కొంత నిజమున్నది. నిజము వ్రాసినవానిని శిక్షించి, కల్పించినవానిని మెచ్చుకొను పద్ధతి ఉన్నంతకాలము విద్యార్థిని ఒక్కనినే దోషిగా నిలుపుట అధ్యాపకులకును, కళాశాలకును తగదు. కాని దాని ఫలితము ఎక్కడికి పోవుచున్నదో కూడ ఆలోచింపవలెను.

నల్లగొండ ప్రాంతపు నీటి సంగతి మన విద్యార్థులు విననిది కాదు. త్రాగునీటిలో ఫ్లోరైడు అధికమైనచో పండ్లు గారపట్టును, ఎముకలు వంగిపోవును. అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని 1937లోనే వైద్యులు నమోదు చేసిరి. భారతీయ ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రామునకు మించి ఫ్లోరైడు ఉండకుండుట మేలు. వేరు ఆధారము లేనపుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతి కలదు. 1 మిల్లీగ్రాము ఉన్న నీరును, 5 మిల్లీగ్రాములు ఉన్న నీరును ప్రక్కప్రక్కన గ్లాసులలో పోసి చూడుడు. రంగులో భేదము లేదు, రుచి ఏమియు చెప్పదు. తల్లి తన బిడ్డకు ఏ నీరు పోయుచున్నదో చెప్పగలిగినది కొలత ఒక్కటే. పటికయు సున్నమును వేసి ఫ్లోరైడును తగ్గించు విధానమును నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థవారు రూపొందించిరి. అది నల్లగొండ ప్రక్రియ అను పేరుతోనే ప్రసిద్ధి పొందినది. అందులో ఎంత పటిక వేయవలెననునదియు కొలతమీదనే ఆధారపడును.

ఆ నీటి నమూనాను రేపు పరీక్షించువారు ఎవరు? నేడు మన బల్లలముందు బ్యూరెట్ పట్టుకొని నిలుచున్న పిల్లలే. మన విద్యార్థినీ విద్యార్థులలో కొందరు రక్తపరీక్షా కేంద్రములలో పనికి కుదురుదురు. కొందరు హైదరాబాదు పరిసరములలోని ఔషధ కర్మాగారములలో నాణ్యత చూచు ఉద్యోగములకు పోవుదురు. మూడు పాఠములకు బదులు ఒకటి తీసి తక్కినవి పూరించుకొను అలవాటు పదునేడవ ఏట చేతికి పట్టినచో, ఇరువది ఏడవ ఏట అది దానంతట అది విడిచిపోవునా? రికార్డు పుస్తకములోని అబద్ధము మార్కులతో ముగియును. మందుబిళ్ల పరీక్షలోని అబద్ధము ఎవరి ఇంటిలో ముగియునో మనకు తెలియదు.

కావున కళాశాల కమిటీ పెద్దలకును, విజ్ఞానశాస్త్ర శాఖల మిత్రులకును కొన్ని విన్నపములు చేయుచున్నాము. ఒకటి: ప్రయోగశాలకు కేటాయించిన గంటలను సభలకును, ఉత్సవముల సన్నాహములకును తీసికొనకుండ కాపాడవలెను. రెండు: క్రొత్త భవనమునకు రంగులు వేయించుటకు ముందు మంచి త్రాసులను, కారని బ్యూరెట్లను కొనవలెను, ఒక త్రాసుముందు ముప్పదిమంది వరుసగా నిలుచున్నచోట నిజాయితీని బోధించుట కష్టము. మూడు: పాఠము తీసిన వెంటనే విద్యార్థి దానిని సిరాతో వ్రాయవలెను, అధ్యాపకుడు అక్కడనే సంతకము చేయవలెను, తప్పు వ్రాసినచో రబ్బరుతో చెరపక ఒక్క గీత గీసి ప్రక్కన మరల వ్రాయవలెను. నాలుగు: మన చేతిలో ఉన్న కళాశాలాంతర పరీక్షలలోనైనను ఫలితము ప్రక్కకు పోయినపుడు, అది ఎందుకు పోయినదో సరిగా వివరించిన విద్యార్థికి మార్కులు ఇయ్యవలెను. ఇవి పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. రెండవదానికి తప్ప తక్కినవానికి ఖర్చే లేదు.

మాధ్యమము సాకు కారాదని ఒక మాట. ఉర్దూలోను తెలుగులోను చదివినవారికి విజ్ఞానశాస్త్రము అందదను భావము మనలో కొందరికి కలదు. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో బోధన ఉర్దూలోనే సాగినది. అందులకై దారుత్తర్జుమా విజ్ఞానశాస్త్ర గ్రంథములను అనువదించినది. 1968లో నెలకొన్న తెలుగు అకాడమి తెలుగులో పాఠ్యగ్రంథములను సమకూర్చినది. పదములు ఏనాడో సిద్ధమైనవి. అంతకన్న ముఖ్యమైన విషయమేమనగా, బ్యూరెట్‌పైని గీతకు మాతృభాష లేదు. కంటిని దానికి సమానమైన ఎత్తున ఉంచి చూచినవానికి అది అందరికి చెప్పునదే చెప్పును.

ప్రియమైన విద్యార్థినీ విద్యార్థులారా! మీకు వచ్చిన అంకె పుస్తకములోని అంకెతో కలియకపోయినచో సిగ్గుపడకుడు. ముందు దానిని వ్రాయుడు. తరువాత పాత్ర సరిగా కడిగితిమా, సూచిక ఎక్కువ వేసితిమా, కన్ను ఎత్తున ఉంచితిమా యని విచారింపుడు. నూటికి తొంబదితొమ్మిది పర్యాయములు లోపము మీ పనిలోనే దొరకును. దానిని వెదకి పట్టుకొనుటయే మీరు ఆనాడు నేర్చిన విద్య. మిగిలిన ఒక్క పర్యాయమున లోపము దొరకకపోయినచో, మీ మాస్టరుగారి యొద్దకు పోయి ఆ అంకెను చూపుడు. వారితో కూర్చుండి ఆ ప్రయోగమును మరల చేయుడు.